131 పుటలు పసుపు, 75 ఎరుపు

పుస్తకం పేరు పూర్తయ్యాకే చెప్తాను, దిష్టి తగులుతుంది. నూరేళ్ళు దాటిన యాత్రా పుస్తకం, మద్రాసు అచ్చు, 212 పుటలు. రచయిత పోయి 60 ఏళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి కాపీహక్కుల గొడవ లేదు. తెలుగు వికీసోర్స్‌లో, అంటే పాత పుస్తకాలను ఔత్సాహికులు టైపు పాఠంగా దించిపెట్టే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో, దీన్ని దిద్దడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. ఈ రాత్రికి లెక్క: పసుపు 131, ఖాళీ పుటలు 6, ఎరుపు 75. ఎరుపంటే ఇంకా దిద్దనట్టు, పసుపంటే ఒకసారి దిద్దినట్టు. పసుపు ఆకుపచ్చ కావాలంటే ఇంకొకరు చూడాలి, మనం దిద్దినదాన్ని మనమే ఆమోదించుకోవడం కుదరదు. మంచి నియమమే, ఆ ఇంకొకరు దొరకాలి కదా!

మొదట్లో పుటకు అరగంట పట్టేది, ఇప్పుడు 12 నిమిషాలు. పట్టికలున్న పుటల సంగతి అడగొద్దు.

స్కాన్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు చేసినది. ఆ సైటు మూతపడినా వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. నాకు దొరికినది పూర్తి నలుపు తెలుపు, సన్నటి గీతలన్నీ ఎగిరిపోయాయి. అరసున్నల్ని గూగుల్ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టైపు పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్) మరకలనుకుని వదిలేస్తుంది. ‘వాఁడు’ వాడవుతాడు, ‘తోఁట’ తోటవుతుంది. చదవడానికి ఏ లోటూ ఉండదు, అందుకే కన్ను పట్టుకోదు.

అందుకని నాన్నను కూర్చోబెట్టుకున్నాను. ఆయన స్కాన్ చూసి పైకి చదువుతారు, నేను టైపయిన పాఠం చూస్తాను. అరసున్న వస్తే టేబుల్ మీద వేలితో ఒక దెబ్బ, బండి ఱ వస్తే రెండు. తాళం నేర్చుకుంటున్నారా అని పక్కింటావిడ అడిగింది.

వలపలగిలక, అంటే ముందు పలికే ‘ర్’ను అక్షరం పక్కన గిలకగా రాసే పాత గుర్తు, ఇంకో తంటా. ‘కార్యము’ ఈ పుస్తకంలో ‘కాయ౯ము’లా కనిపిస్తుంది. ఓసీఆర్ ఆ గిలకను ఒకచోట ౯ అంకె చేస్తుంది, ఒకచోట ఇంగ్లీషు ఎఫ్ చేస్తుంది, ఒక్కోసారి మింగేస్తుంది. నేను మామూలు ‘ర్య’ అనే కొడుతున్నాను. రాత తీరు మారిందే గాని అక్షరం మారలేదు.

ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. సున్న బదులు ఓసీఆర్ సున్నా అంకె పెడుతోంది, ‘అ0దు’, ‘వ0ట’ ఇలా. విసుగొచ్చి, పుటలన్నీ ఒక ఫైల్లోకి తెచ్చుకుని 0 ఉన్నచోటల్లా ం పెట్టమన్నాను. యాత్రికుడు 10 రూపాయలకు బదులు ‘1ం రూపాయలు’ బండివాడికిచ్చాడు. 30 పుటల్లో సంవత్సరాలు, కూలీలు, మైళ్ళు అన్నీ మళ్ళీ స్కాన్ చూసి సరిచేశాను. అంకెకు ముందు తెలుగు అక్షరం ఉంటేనే మార్చమనాలి, అదీ ఒక్కో పుటకే.

పుటపైన ఉండే పుస్తకం పేరు, పుట సంఖ్య శీర్షిక పెట్టెలోకే పోవాలి. పాఠంలో మిగిలిపోతే, అధ్యాయమంతా కలిపి చూపినప్పుడు వాక్యం నడుమ ‘57’ ఊడిపడుతుంది.

పద్యాల దగ్గర మాత్రం హాయి. చంపకమాల పాదానికి 21 అక్షరాలు. 47వ పుటలో ఒక పాదం 20కే ఆగింది. వెతికితే స్కాన్‌లో పుస్తకం మడత దగ్గర ఒక ‘న’ ఇరుక్కుని ఉంది. ఇంకోచోట మూడు పాదాల్లో రెండో అక్షరం ‘వ’, నాలుగో పాదంలో ‘ప’. ప్రాస కుదరలేదంటే తప్పు కవిది కాదు, ఓసీఆర్‌ది. వచనానికి ఈ కాపలా లేదు.

ఎంత లేదో పోయిన ఆదివారం తెలిసింది. 208వ పుటలో తప్పొప్పుల పట్టిక ఉంది, నేను చివరిదాకా తిరగేసి చూడనే లేదు. పుట, పంక్తి, తప్పు, ఒప్పు, మొత్తం 38 వరసలు. దిద్దడానికి ఇంత చిత్రమైన పుట ఇంకోటి లేదు, తప్పును సరిగ్గా ఆ తప్పుగానే కొట్టాలి. కొడుతూ, ఆ తప్పులు నా పుటల్లో ఉన్నాయో లేదో చూద్దామనిపించింది. ఉన్నది ఉన్నట్టు దించడమే నేను పెట్టుకున్న పద్ధతి, అచ్చుతప్పు సహా. 38లో 24 నేను పూర్తిచేసిన పుటల్లోవి. వాటిలో 9 చోట్ల తప్పు లేదు! నాకు తెలియకుండానే నా చేయి సరిచేసేసింది. ‘ప్రమాణమై బయలుదేరి’ అని అచ్చయిన చోట నా పాఠంలో శుభ్రంగా ‘ప్రయాణమై’ అని ఉంది. పట్టికకెక్కని తప్పుల్లో ఎన్నింటిని ఇలా దిద్దేశానో!

ఆ పుట మళ్ళీ నాన్నచేత చదివించాను. స్కాన్ చూస్తూనే ఆయనా ‘ప్రయాణమై’ అన్నారు. అక్షరం చూపిస్తే కళ్ళజోడు తుడుచుకుని, “అర్థం తెలిసినవాడు అక్షరం చూడడమ్మా” అని గొణిగారు.

తొమ్మిదింటినీ తిరిగి తప్పుల్లోకి మార్చాను. కొత్త పద్ధతి ఏమిటంటే, పద్యాలు మామూలుగానే, వచనం మాత్రం కింది పంక్తి నుంచి పైకి చదవడం. కథ తెగిపోతుంది కాబట్టి అక్షరమే దిక్కు. పుటకు ఇంకో 5 నిమిషాలు ఎక్కువ పడుతోంది, నాన్నకు బొత్తిగా నచ్చడం లేదు.

రేపు 138వ పుట. పట్టిక ప్రకారం అందులో రెండు తప్పులున్నాయి. ఆయనకు చెప్పలేదు.