పసుపు మాత్ర వల్లేనా?

డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ అనే మందు మొదలుపెట్టి మూడు నెలలు దాటింది. ఏడుపు ఆగింది, నిద్ర పడుతోంది. కానీ స్నానానికి లేవాలంటే మాత్రం తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, మంచం అంచున గంటసేపు గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. డోసు 10 నుంచి 20 మిల్లీగ్రాములకు పెంచారు. నోరు ఎండిపోవడం ఎక్కువైంది. తువ్వాలు ఒళ్లోనే ఉంది.

ఫోలేట్ అనే బి విటమిన్ గురించి, దాని మాత్ర రూపమైన ఫోలిక్ యాసిడ్ గురించి ఎక్కడో చదివి, "ఫోలిక్ యాసిడ్ కూడా వేసుకోనా డాక్టర్?" అని జంకుతూనే అడిగాను. తిడతారేమో అనుకున్నా. ఆవిడ రక్త పరీక్షలు రాశారు: ఫోలేట్, బి12, థైరాయిడ్. రిపోర్టులు వచ్చేదాకా ఏదీ మింగొద్దన్నారు. బి12 తక్కువ ఉన్నవాళ్లు ఒట్టి ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే రక్తహీనత తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయట. మూర్ఛకు ఫెనిటాయిన్ లాంటిదేమైనా వాడుతున్నానా అనీ అడిగారు. ఫోలిక్ యాసిడ్ పడితే రక్తంలో ఆ మందు తగ్గిపోవచ్చు.

నా బి12 బాగానే ఉంది, ఫోలేటే తక్కువ. దొంగ దొరికాడని సంబరపడ్డాను. మెదడులో మూడ్‌ని నడిపే సెరటోనిన్, డోపమైన్ తయారవ్వాలంటే ఫోలేట్ కావాలని చదివే ఉన్నానుగా!

ఆవిడ ఆ సంబరం మీద మెల్లగా నీళ్లు చల్లారు. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో డిప్రెషన్ మందు ఫ్లూయాక్సెటిన్‌తో పాటు రోజుకు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆడవాళ్లకు మేలు కనిపించింది, మగవాళ్లకు లేదు. (నా ఖర్మ.) 2014లో బ్రిటన్‌లో 5 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా తేలలేదు. మిథైల్‌ఫోలేట్ అనే రకం 15 మిల్లీగ్రాముల దగ్గర పనిచేసింది, అందులో సగం ఇస్తే చేయలేదు. "మీకు లోపం ఉంది కాబట్టి ఇస్తున్నా. డిప్రెషన్ తగ్గితే అది అదృష్టం" అన్నారు.

రోజుకో పసుపు మాత్ర, 5 మిల్లీగ్రాములు, నాలుగు నెలలు. మొదటి నెల ఏమీ తెలియలేదు. ఆరో వారంలో ఒకరోజు తువ్వాలు ఆరేస్తుంటే తట్టింది, ఇవాళ మంచం మీద కూర్చోనే లేదని.

ఫోలేట్ వల్లేనా అని అడిగితే, పెంచిన డోసు పనిచేయడానికి కూడా అన్ని వారాలూ పట్టొచ్చు, రెండూ కలిసే చేశాయేమో, విడదీసి చెప్పలేం అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. నిజం అదే కాబట్టి ఒప్పుకున్నాను.

మళ్లీ పరీక్ష చేయిస్తే ఫోలేట్ సరిపడా ఉంది, పసుపు మాత్ర ఆపేశారు. ఎస్సిటాలోప్రామ్ మాత్రం కొనసాగించమన్నారు. ఎప్పటిదాకా అని ఈసారి అడగలేదు.