యెరూషలేములో ఒక శుక్రవారం, ఒక వెండి రేకు

చిన్నప్పుడు యెరూషలేము తెనాలి అవతల ఎక్కడో ఉంటుందనుకునేవాణ్ణి. అమ్మమ్మ రోజూ తెల్లారుజామున బైబిలు చదువుతూ సీయోను కొండ, కిద్రోను వాగు, ఒలీవల కొండ అని అంత చనువుగా పలికేది మరి. 2019 మార్చిలో విజయవాడ నుంచి ఒక టూరు బృందంతో నిజంగానే అక్కడికి వెళ్ళాను. బెత్లెహేము, నజరేతు, గలిలయ సముద్రం, పొద్దున్నే ఇడ్లీ లేదని బస్సులో గొడవ, అన్నీ అయ్యాయి. యూదుల సంగతులు మాత్రం మా గైడు బస్సు కిటికీలోంచి చూపించి వదిలేశాడు. నేను ముందే విడిగా వీసా తీసుకున్నాను కాబట్టి, బృందం వెళ్ళిపోయాక మూడు రోజులు ఆగిపోయాను. చెప్పాలనుకున్నది ఆ మూడు రోజుల గురించే.

శుక్రవారం పొద్దున ఇజ్రాయెల్ మ్యూజియానికి వెళ్ళాను. శుక్రవారాల్లో రెండింటికే మూసేస్తారని టికెట్ కౌంటర్ దగ్గర తెలిసింది. నా తొందర చూసి కాబోలు, అక్కడ వాలంటీరుగా పనిచేసే ఒక పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, "ఏం చూడాలి?" అని అడిగాడు. "పాత నిబంధనకు సంబంధించినవి" అన్నాను. ఆయన నవ్వి, "మాకు పాతదీ కొత్తదీ లేవు, ఉన్నది ఇదొక్కటే" అన్నాడు. వాళ్ళు తనఖ్ అంటారు. తోరా (మోషే పేరున ఉన్న ఐదు పుస్తకాలు), ప్రవక్తలు, మిగతా రచనలు, ఈ మూడింటి మొదటి అక్షరాలు కలిపిన పేరట అది. మన బైబిల్లో 39 పుస్తకాలుగా ఉన్నవే వాళ్ళ లెక్కలో 24. వరుస కూడా వేరు, చివర మలాకీ ఉండదు, దినవృత్తాంతాలు ఉంటాయి.

ఆయన నన్ను పురావస్తు విభాగంలో ఒక చిన్న అద్దాల పెట్టె ముందు నిలబెట్టాడు. లోపల రెండు వెండి రేకులు, నలిగిపోయి, గీతలు పడి, మన తాయెత్తులో చుట్టి పెట్టే రేకులాంటివే. పెద్దది విప్పితే పది సెంటీమీటర్లు కూడా లేదు. 1979లో గాబ్రియేల్ బార్కాయ్ అనే పురావస్తు శాస్త్రవేత్త పాత నగరానికి దగ్గర్లోనే, కెతెఫ్ హిన్నోమ్ అనే చోట, సమాధుల్లో తవ్వుతుంటే చుట్టచుట్టి ఉన్న ఈ రెండూ దొరికాయి. విరక్కుండా విప్పడానికే ఏళ్ళు పట్టింది. విప్పితే ప్రాచీన హీబ్రూ లిపిలో, గుండుసూదితో గీసినంత సన్నగా, సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోని యాజకుల దీవెన. సుమారు 2600 ఏళ్ళ నాటిది. అంటే బబులోను రాజు నెబుకద్నెజరు సొలొమోను కట్టించిన ఆలయాన్ని కూల్చిన క్రీ.పూ. 586కి కాస్త అటూ ఇటూ. బైబిలు వాక్యాలు రాసి ఉన్న వస్తువుల్లో ఇప్పటిదాకా దొరికిన అన్నిటికన్నా పాతవి ఇవే.

పెద్దాయన హీబ్రూలో మెల్లగా చదివాడు. యెవారెఖెఖా అదోనాయ్ వెయిష్మెరెఖా. మొదటి వరుసలో మూడు మాటలు, రెండోదాంట్లో ఐదు, మూడోదాంట్లో ఏడు, దీవెన వెడల్పవుతూ పోతుంది చూడు అని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. మీ భాషలో ఎలా ఉంటుందని అడిగాడు. నాకు నోటికి వచ్చు, అమ్మమ్మ మమ్మల్ని ఊరు పంపేటప్పుడల్లా గుమ్మంలో నిలబడి చెప్పేది. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అని గట్టిగానే మొదలుపెట్టాను. మొదటి మాటకే ఆయన చెయ్యి కొంచెం పైకి లేచింది. కోపం లేదు, కానీ ఇబ్బంది పడ్డాడు.

"మేం ఆ పేరు పలకం" అన్నాడు. నాలుగక్షరాలు రాసి ఉంటాయి, ప్రార్థనలో అక్కడికి రాగానే అదోనాయ్ అంటారు, ప్రభువు అని. మామూలు మాటల్లో అయితే హషేమ్ అంటారు. హషేమ్ అంటే 'ఆ పేరు' అనే అర్థం, అంతే. నాకు తాతయ్య గుర్తొచ్చాడు. అమ్మమ్మ బతుకంతా ఆయన్ని పేరు పెట్టి అనలేదు, రేషన్ కార్డు దగ్గర ఇంటాయన పేరేంటమ్మా అంటే మమ్మల్ని చెప్పమనేది. దేవుడి పేరు మాత్రం ఏ జంకూ లేకుండా రోజుకు వందసార్లు అనేసేది! ఇది పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పలేక తంటాలు పడ్డాను.

తర్వాత అదే మ్యూజియంలో, తెల్లటి గోపురం ఉన్న గ్రంథ మందిరం. 1965లో కట్టారు, గోపురం ఆకారం కూజా మూతది, ఎందుకంటే మృతసముద్రపు చుట్టలు, అంటే ఆ సముద్రం దగ్గరి గుహల్లో బయటపడ్డ పాత చేతిరాత గ్రంథాలు, కొన్ని మట్టి కూజాల్లోనే దొరికాయి. 1947 ప్రాంతంలో కుమ్రాను దగ్గర గొర్రెలు కాసుకునే బెదువిన్లకు మొదటి గుహ కనబడింది, తర్వాత మొత్తం పదకొండు గుహల్లో వందల చేతిరాతల ముక్కలు దొరికాయి. (మొదట దొరికిన ఏడు చుట్టల్లో నాలుగు అమెరికా చేరి, 1954లో అక్కడి వాల్ స్ట్రీట్ జర్నల్‌లో 'అమ్మబడును' ప్రకటనగా వచ్చాయంటే నమ్మగలరా? పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదిన్ అది చూసి, తన పేరు బయటకు రాకుండా రెండున్నర లక్షల డాలర్లకు కొనిపించాడు. మిగతా మూడూ అంతకుముందే ఆయన తండ్రి సుకెనిక్ కొని ఉంచాడు.) మధ్యలో గుండ్రటి కట్టడం చుట్టూ యెషయా గ్రంథం నకలు పరిచి ఉంది. అసలుది ఏడు మీటర్ల పైన పొడవు, తోలు మీద 54 నిలువు వరుసలు, 66 అధ్యాయాలూ ఉన్నాయి. అంతకుముందు చేతిలో ఉన్న పూర్తి హీబ్రూ ప్రతుల కంటే ఇది వెయ్యేళ్ళు పాతది. స్పెల్లింగు తేడాలు బోలెడు, మాటల తేడాలూ ఉన్నాయి, అయినా పుస్తకం అదే.

నాకు బాగా నచ్చింది మాత్రం ఒక తప్పు. నలభయ్యో అధ్యాయంలో గడ్డి ఎండిపోతుంది, పువ్వు వాడిపోతుంది అన్న మాట రెండుసార్లు వస్తుంది కదా, రాసినాయన మొదటిదాన్నుంచి ఎగిరి రెండోదాని తర్వాత పడ్డాడు. పరీక్షలో మనం లైను వదిలేసినట్టే. తర్వాత ఇంకెవరో పట్టుకుని, వదిలేసింది పంక్తుల మధ్య ఇరికించి, చోటు చాలక అంచులోకి దించి రాశారు. అలా రాసినప్పుడు దేవుడి పేరు రావాల్సిన చోట అక్షరాలు లేవు. నాలుగు చుక్కలు ఉన్నాయి. పెద్దాయన ఏమీ అనకుండా ఆ చుక్కల మీద వేలు ఆనీ ఆనకుండా చూపించి నావైపు చూశాడు.

మ్యూజియం మూసేశాక నడుచుకుంటూ మహానె యెహుదా మార్కెట్‌కు వచ్చాను. జనం మన సంక్రాంతి ముందురోజులా తోసుకుంటున్నారు. నేనేమో తర్వాత కొనుక్కుందాంలే అని బసకు పోయి పడుకున్నాను. లేచేసరికి సైరన్ మోగింది, షబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, మొదలైందని. ట్రాములు ఆగిపోయాయి, షట్టర్లు దించేశారు, ఆ సందడంతా ఏమైపోయిందో. బ్యాగులో ఒక కప్పు నూడుల్స్ ఉంటే వంటగదిలోకి వెళ్ళాను. పాలూ మాంసమూ కలపకూడదన్నది వాళ్ళ నియమం, అందుకే పాలకు వేరే, మాంసానికి వేరే గిన్నెలు, బీరువాలు కూడా వేరు. స్టవ్ మీద "షబ్బాతులో వెలిగించరాదు" అన్న చీటీ. నూడుల్స్ పట్టుకుని నిలబడ్డ నన్ను ఆ బస యజమాని చూసి, నవ్వు ఆపుకుంటూ, పైకి రండి అన్నాడు.

బల్ల మీద రెండు దీపాలు, గుడ్డ కప్పిన రెండు జడరొట్టెలు. భోజనానికి ముందు ఆయన మనవల్ని పిలిచాడు. చిన్నవాడు పరిగెత్తుకొచ్చాడు, పదిహేనేళ్ళ పిల్ల మాత్రం త్వరగా కానీ అన్నట్టు తల వంచింది. ఆయన రెండు చేతులూ ఆ తల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, గొణుగుతున్నట్టుగా అన్నాడు. యెవారెఖెఖా. పొద్దున వెండి రేకు మీద విన్న మాట. నాకు ఒళ్ళు జలదరించింది, ఆ పిల్ల మాత్రం తల ఎత్తి రొట్టె వైపు చూసింది. ప్రతి శుక్రవారం జరిగేదే కదా. ఆ తర్వాత చేపలు, చికెన్ సూపు. కారం లేదుగానీ ఆకలి ఉంది.

మర్నాడు పొద్దున నడుచుకుంటూ పడమటి గోడకు వెళ్ళాను. అది ఆలయం గోడ కాదు, హేరోదు రెండో ఆలయం చుట్టూ ఆవరణ పెంచినప్పుడు ఆ గుట్టను పట్టి నిలబెట్టడానికి కట్టించిన గోడ. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చారు, ఇది మిగిలింది. షబ్బాతు కదా, ఫొటోలు తీయకూడదు, చీటీలూ రాయకూడదు, అందుకని ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఒకచోట తోరా చుట్ట విప్పి వెండి పుల్లతో అక్షరాలు చూపిస్తూ చదువుతున్నారు, అచ్చుల గుర్తులేవీ లేని పాఠం, రాగం కూడా చదివేవాడి జ్ఞాపకంలోనే ఉండాలి. ఒక్క అక్షరం తప్పుంటే దిద్దేదాకా ఆ చుట్టను చదవనివ్వరట. ఇంకోచోట ఐదారుగురు శాలువాలు తలమీంచి కప్పుకుని చేతులు ముందుకు చాచారు. మోషే అన్న అహరోను వంశం వాళ్ళమని చెప్పుకునే కోహెన్లు, అంటే యాజకులు. ఎదుట ఉన్నవాళ్ళు వాళ్ళ చేతుల వైపు చూడకుండా తల దించుకున్నారు. అవే పదిహేను మాటలు.

రాత్రి అమ్మమ్మకు ఫోన్ చేసి అన్నీ చెప్పాను. వెండి రేకు దగ్గరికి వచ్చేసరికి ఆపింది.

"అంత పాతదా? మొన్న నువ్వు బయల్దేరేటప్పుడు నేను చెప్పిన మాటేగా అది."

"అదే అమ్మమ్మా."

"సరేగానీ, తులం ఉంటుందా ఆ వెండి?"