ఆటోనగర్ నుంచి ఇరుంగాట్టుకోట్టై దాకా

రేసు ట్రాక్ మీదికి బండి తీసుకెళ్లాలంటే కొత్తగా ఏమేం బిగించాలి అని చాలామంది అడుగుతుంటారు. బిగించేవాటి కంటే ఊడదీసేవే ఎక్కువ. అద్దాలు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు, చీర గార్డు, వెనక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్టులు, సైడు స్టాండు అన్నీ పోవాలి. హెడ్‌లైటు మీదా టెయిల్ లైటు మీదా దట్టంగా టేపు వేయాలి, బండి పడితే ముక్కలు ట్రాక్ నిండా చెదరకుండా. విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ అన్న ఆ లిస్టు మొత్తం చదివి, "తమ్ముడూ, ఇవన్నీ పీకేస్తే ఇంక మిగిలేది ఇంజినూ రెండు చక్రాలూ బ్రేకులే కదా" అన్నాడు. అవే మిగలాలి అన్నాను.

నాది యమహా ఆర్15, 155 సీసీ. ఆఫీసుకి వెళ్లొచ్చే బండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న రేస్ ట్రాక్‌లో కొత్తవాళ్లకి రెండు రోజుల ట్రాక్ స్కూలు, దాని చివర ఒక చిన్న రేసు పెడుతున్నారని తెలిసి పేరిచ్చాను. దేశంలో మోటార్ రేసుల్ని చూసే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు తీసుకుని అసలు పోటీల్లోకి దిగాలనుకునేవాళ్లు ముందు ఇలాంటి స్కూల్లో నేర్చుకోవడం మంచిదని అక్కడికి వెళ్లొచ్చినవాళ్లందరూ చెప్పారు. నాకూ ఆ దారే సబబనిపించింది.

సైడు స్టాండు ఎందుకు తీయాలో మా అన్నకి ఒక్క మాటలో అర్థమైంది. మలుపులో ఎడమ వైపు బాగా వాలినప్పుడు స్ప్రింగు వదులై స్టాండు కిందికి దిగితే, అది నేలకి తన్ని మనిషిని విసిరేస్తుంది. రేడియేటర్లో కూలెంట్, అంటే ఇంజిన్ని చల్లబరిచే ద్రవం, ఎందుకు ఉండకూడదో మాత్రం వివరంగా చెప్పాల్సి వచ్చింది. అందులో గ్లైకాల్ ఉంటుంది. అది కారితే తారు మీద జిగురుగా పరుచుకుంటుంది, తొందరగా ఆరదు, వెనక వచ్చేవాళ్లు జారిపడతారు. అందుకని అది మొత్తం తీసేసి, రేడియేటర్ కడిగి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ పోశాం. బ్రేక్ ఆయిల్ పాతది తీసి డాట్ 4 రకం కొత్తది నింపాం. బ్రేక్ ప్యాడ్లు ముందూ వెనకా మార్చాం. ఈ రెండింటి మీద పెట్టిన డబ్బు గురించి నేను ఎప్పుడూ వెనకాడను. ఇంజిన్ పవర్ పెంచే సరుకు కొనమని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. మొదటిసారి ట్రాక్ ఎక్కేవాడికి అది పనికిరాదు. ఆగడం వచ్చాకే ఉరకడం.

అన్నిటికంటే నాకు నచ్చిన పని లాక్ వైరింగ్. ఇంజినాయిల్ డ్రెయిన్ బోల్టు తలకి సన్నటి రంధ్రం వేసి, అందులోంచి స్టీలు తీగ దూర్చి, దాన్ని మెలితిప్పి పక్కనున్న గట్టి భాగానికి కట్టేయాలి. ఎంత అదురు వచ్చినా బోల్టు వదులు కాకూడదు. దీనికి మా అన్న నన్ను లేత్ పని చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన బోల్టుని వైస్‌లో బిగించి, అంచు మీద పంచ్‌తో చిన్న గుంట కొట్టి, అగ్గిపుల్ల కంటే సన్నటి డ్రిల్ బిట్టు పెట్టాడు. కొంచెం దించడం, పైకెత్తడం, ఒక చుక్క ఆయిలు వేయడం, మళ్లీ దించడం. బలంగా నొక్కితే బిట్టు లోపలే విరిగిపోతుంది. రంధ్రం అవతలికి తేలాక బోల్టుని వెలుతురుకి పట్టి చూసి, అంచుల్లో పైకి లేచిన లోహపు పిసర్లని ఆకురాయితో తీసేశాడు.

తీగ కట్టడంలో కిటుకు ఉంది. బోల్టు వదులయ్యే వైపు తిరగబోతే తీగ బిగుసుకుని ఆపాలి. ఎదురు దిక్కున కడితే అది ఉన్నా లేనట్టే. "ఒక్క బోల్టుకి ఇంత అవసరమా బాబూ?" అని అడిగాడు పెద్దాయన. ఒక బండి ఆయిలు ట్రాక్ మీద పడితే వెనక వచ్చే పది మందీ పడతారని చెప్పాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆయిల్ ఫిల్టర్ మూత దగ్గర మా అన్న కట్టిన తీగని విప్పేసి, ఇంకా దగ్గర మెలికలతో తన చేత్తోనే మళ్లీ కట్టాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఒంటిని సిద్ధం చేసుకోవడం ఇంకో పని. ట్రాక్ మీద హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోకూడదు. తొడలతో ట్యాంకుని బిగబట్టి, చేతులు వదులుగా ఉంచాలి. అందుకని వేసవి అంతా తెల్లవారకముందే పరుగు, ఇంటికొచ్చి గుంజీలు. మా ఊరి ఎండలు తెలిసినవే. పొద్దున ఏడు దాటితే బయట నిలబడటం కష్టం. లెదర్ సూట్ వేసుకుని ఎండలో బండి నడపాలంటే ముందు ఒళ్లు అలవాటు పడాలి, ఆ పూటే నీళ్లు తాగితే సరిపోదు, ముందు రోజు నుంచే తాగుతూ ఉండాలి.

అమ్మకి మొదట్నుంచీ భయమే. బండిని కొండ కిందికి తీసుకెళ్లి దుర్గమ్మకి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే కాస్త కుదుటపడింది. "రోడ్డు మీద కంటే అక్కడే నయమంటావా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. అక్కడ ఎదురు బండి రాదు. అడ్డం వచ్చే మనిషి ఉండడు. అంబులెన్సూ డాక్టరూ లేకుండా బండ్లని వదలరు. ఇది అమ్మని ఊరుకోబెట్టడానికి చెప్పిన మాట కాదు, నేను నమ్మేదే. అర్ధరాత్రి దాటాక బైపాస్ మీద పందేలు కట్టే కుర్రాళ్లు మా వైపూ ఉన్నారు. వాళ్లలో చేవ ఉన్నవాళ్లని చూశాను. ఆ వేగానికి చోటు రోడ్డు కాదని చెప్పడం సులువే. చోటు ఎక్కడుందో చూపించి, అక్కడిదాకా తీసుకెళ్లే పెద్దవాళ్లే కరువు.

బండిని రైల్లో పార్సిల్ వేయొచ్చు, కానీ ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయాలి, గోనెపట్టాతో చుట్టించాలి, అవతల దింపుకుని మళ్లీ వాహనం మాట్లాడుకోవాలి. అందుకని టాటా ఏస్ మాట్లాడాం. రాత్రి భోజనాలయ్యాక బయల్దేరి వారధి దాటాం. ఏటుకూరు బైపాస్ దగ్గర మా గుంటూరు బావ ఎక్కాడు. చేతిలో గాలి కొలిచే గేజీ, పంపు, ఒక సంచీ నిండా పులిహోర పొట్లాలు. చిలకలూరిపేట, ఒంగోలు, కావలి... బెల్టులు వదులయ్యాయేమోనని ప్రతి టోల్‌గేటు దాటాకా దిగి చూసేవాళ్లం. నెల్లూరు దాటాక టీ తాగాం. తడ దాటేసరికి తెల్లవారింది.

చెన్నై ఇంకా రాకముందు ఇదే హైవే మీద షోలవరం వస్తుంది. నేను డ్రైవర్ బాబాయిని కాసేపు ఆపమన్నాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఇక్కడ ఉండేది. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు ఆ రన్‌వే మీదే రేసులు నడిపింది. తర్వాత ఇరుంగాట్టుకోట్టైలో సొంతంగా ట్రాక్ కట్టుకుని 1990లో తెరిచారు. ఎవరో వదిలేసి వెళ్లిన రన్‌వే మీద మొదలుపెట్టినా ఇంత దూరం రావచ్చన్నమాట! మన వైపూ ఖాళీ చోట్లకి కొదవ లేదు. ఈ సంగతి బావతో చెప్తుంటే అక్కణ్ణుంచి ట్రాక్ చేరేదాకా అదే చర్చ నడిచింది.

అవుటర్ రింగ్ రోడ్డు పట్టుకుని బెంగళూరు హైవే ఎక్కితే శ్రీపెరుంబుదూరుకి ముందే ఇరుంగాట్టుకోట్టై. హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీ ఉన్న చోటు. ట్రాక్ 3.717 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. 2005లో ఫార్ములా వన్‌లోకి వెళ్లిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కుర్రవాడిగా రేసులు మొదలుపెట్టింది ఇక్కడే.

బండిని తనిఖీ చేసిన పెద్దమనిషి ముందు యాక్సిలరేటర్ తిప్పి వదిలాడు, దానంతట అది వెనక్కి వస్తోందా అని. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి మళ్లీ అదే చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని మా లేత్ పెద్దాయన కట్టిన తీగని వేలితో లాగి చూశాడు. "ఎవరు కట్టారు?" అని ఇంగ్లీషులో అడిగాడు. విజయవాడ అన్నాను. తలూపి స్టిక్కర్ అంటించాడు. ఆ స్టిక్కర్ ఫోటో వెంటనే ఆటోనగర్‌కి పంపాను.

జెండాల క్లాసు బడి పాఠంలా వల్లె వేయించారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవర్నీ దాటకూడదు. పసుపు మీద ఎర్ర చారలుంటే ట్రాక్ జారుతోంది. నీలం అంటే వెనక నీకంటే వేగంగా వస్తున్నారు, నీ దారి మార్చకు. ఎరుపు అంటే అంతా ఆపేశారు, చెయ్యెత్తి నెమ్మదిగా పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే చోటికి, రావాలి. నల్ల జెండా మధ్యలో నారింజ గుండ్రం, పక్కన నీ నంబరు కనిపిస్తే నీ బండిలోనే ఏదో తేడా ఉంది, వెంటనే ట్రాక్ దిగిపో. ఇవి రాకపోతే వేగం ఎంత వచ్చినా దండగే.

ఇక అసలు సంగతి. మొదటి సెషన్‌లో ఇన్‌స్ట్రక్టర్ వెనకే అందరం వరసగా వెళ్లాం. నేను అనుకున్నంత కష్టం వాలడంలో లేదు, చూపులో ఉంది. మన రోడ్ల మీద పదేళ్లు బండి నడిపినవాడి కళ్లు ఎక్కడెక్కడ తిరుగుతాయో ఆలోచించండి. పక్క సందులోంచి ఆటో వస్తుందేమో, డివైడర్ మీంచి గేదె దిగుతుందేమో, రాంగ్ రూట్లో ఎవడైనా వస్తున్నాడేమో అని ముందు చక్రానికి నాలుగు గజాల దూరంలోనే చూపు ఆగిపోతుంది. అదే మనల్ని ఇన్నాళ్లూ బతికించింది. ట్రాక్ మీద అదే అడ్డం. అక్కడ చూపు మలుపు లోపలి అంచు మీదికి, అక్కణ్ణుంచి ఇంకా ముందుకి, బయటికి పోవాల్సిన చోటికి పోవాలి. ఎటు చూస్తే బండి అటే పోతుంది. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్లీ బయటికి రావడం అనే లెక్క కాగితం మీద గీసినప్పుడు నాకు బాగానే తెలుసు. ఒంటికి ఎక్కింది మాత్రం రెండో రోజు పొద్దున్నే. ఒక పొడవాటి కుడి మలుపులో తల ముందే తిప్పి చూశాను, బండి తనంతట తాను వాలి ఆ గీత మీదే వెళ్లిపోయింది. హెల్మెట్ లోపల గట్టిగా అరిచాను, సంతోషంతో.

పిట్‌లోకి వచ్చిన ప్రతిసారీ బావ టైర్లలో గాలి చూసేవాడు. వేడెక్కితే గాలి పెరుగుతుంది కాబట్టి రోడ్డు మీద పెట్టే దానికంటే తక్కువతోనే మొదలుపెట్టాం. టైరు అంచు మీద మిరప గింజలంత రబ్బరు ముక్కలు చుట్టుకుని అంటుకుని ఉన్నాయి. "బావా, ఈ అంచు ఇన్నాళ్లూ నేలని తాకనే లేదు" అని వేలితో చూపించాడు.

రేసు ఆరు ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ ఆరు రౌండ్లు. బండ్లన్నీ వరసగా నిలబడి బయల్దేరే గ్రిడ్ మీద ఎర్ర లైట్లు ఆరగానే టెన్షన్ కూడా పోయింది, చెయ్యాల్సిన పనే మిగిలింది. మధ్యలో ఒకతను పడ్డాడు. పసుపు జెండా చూసి అందరం వరసలో తగ్గాం. అతను లేచి నడుచుకుంటూ పోవడం చూశాకే నాకు ఊపిరి ఆడింది. వరసలో మధ్యలో ముగించాను. నా వెనకాలే వచ్చింది పద్దెనిమిదేళ్ల నెల్లూరు కుర్రాడు. వాళ్ల నాన్న రెండు రోజులూ స్టాప్‌వాచ్ పట్టుకుని గోడ దగ్గరే నిలబడ్డారు. కొడుకు హెల్మెట్ తీసేదాకా ఆగి, నీళ్ల సీసా చేతిలో పెట్టి, ఆ తర్వాతే టైము చెప్పారు. హైవే మీద పట్టుబడినప్పుడు వీణ్ణి కొట్టానండీ, తర్వాత కూర్చుని ఆలోచించి ఇక్కడికి తెచ్చాను అన్నారు.

బండ్లు కడుతుంటే ఆయన మా టాటా ఏస్ చుట్టూ ఒకసారి తిరిగి, జానతో కొలిచి చూశారు. "ఇందులో రెండు బైకులు పడతాయి బాబూ. ఈసారి వచ్చేటప్పుడు నెల్లూరులో మమ్మల్నీ ఎక్కించుకోండి, డీజిలూ టోలూ సగం సగం. భోజనం మా ఇంట్లోనే" అన్నారు. ఇద్దరం నంబర్లు రాసుకున్నాం. లైసెన్సు ఫారాలు కూడా రెండు తీసుకున్నాం, ఒకటి నాకు, ఒకటి ఆ అబ్బాయికి.