ఇది పుస్తకంలో లేదు, కానీ ఆవిడే అంది

మన బడి పాత విద్యార్థుల సమావేశం సంచికకు ఏదైనా రాయమని కమిటీ నుంచి సందేశం వచ్చింది. అంశం కూడా వాళ్ళే ఇచ్చారు: పుస్తకాల్లోనూ టీవీలోనూ మీకు బాగా నచ్చిన పాత్రలు, ఎందుకు నచ్చాయి. కింద రెండుజెళ్ళసీత సంతకం చూడగానే ఈ అంశం ఎవరిని ఉద్దేశించి పెట్టారో తెలిసిపోయింది. మిగతావాళ్ళకు ఆటస్థలం, సైన్సు గది, చివరి రోజు ఫోటో దక్కాయట. దక్కనివ్వండి. నా వాటాకు మన తెలుగు మాస్టారు వచ్చారు, అదే పెద్ద వాటా.

ఎవరి అసలు పేర్లూ రాయడం లేదు. హాజరు పట్టీలో పేర్లు అక్కడే ఉంటాయి. మనం ఒకరినొకరం పిలుచుకున్నది కథల్లోని పాత్రల పేర్లతో కదా. టోపీ సంగతి రాయవద్దని పార్వతీశం ఫోను చేసి మరీ చెప్పాడు. అందుకని రాయను, మీకు గుర్తుంటే చాలు.

ఆరు నుంచి ఎనిమిది దాకా నాకు చెప్పుకోదగినది ఏదీ మిగలలేదు. తొమ్మిదో తరగతి మాత్రం ఒక్కో పీరియడు విడివిడిగా గుర్తుంది. ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో మోగ్లీ, సోమవారం మొదటి పీరియడు తెలుగు. 1993, 94 ప్రాంతాల్లో బడికి వెళ్ళిన వాళ్ళెవరికైనా ఆ వరుస తెలుసు. షేర్ ఖాన్ మాట్లాడుతుంటే వెన్ను జలదరించేది. హిందీలో ఆ గొంతు నానా పాటేకర్‌దని అప్పుడు మనకెవరికీ తెలియదు. మాస్టారు తరగతిలోకి వచ్చేసరికి బేతాళుడు బల్లెక్కి ఆ గొంతుతో గర్జిస్తున్నాడు. మాస్టారు కొట్టలేదు, తిట్టలేదు. "షేర్ ఖాన్‌గారూ, మోగ్లీ అంటే మీకెందుకంత పగ?" అని నిజంగానే అడిగారు. బేతాళుడు బల్ల మీదే నిలబడి ఆలోచించి, "వాడు నా కళ్ళలోకి చూస్తాడు" అన్నాడు. అడవిలో ఏ జంతువూ మోగ్లీ చూపుకు నిలవలేదన్నది కిప్లింగ్ కథలో ఉన్న సంగతే. ఆ పుస్తకం వచ్చింది 1894లో. బేతాళుడు దాన్ని చదవలేదు, టీవీలో చూసి పట్టుకున్నాడు. మాస్టారు తన కుర్చీ తీసుకొచ్చి నల్లబల్ల పక్కన వేసి, "దిగి ఇందులో కూర్చో" అన్నారు. కుర్చీ ఆ రోజు మొదలైంది.

రెండే నియమాలు. పుస్తకం మూసేయాలి. పాత్రకు తెలియనిది నోట రాకూడదు. కూర్చున్నవాళ్ళను ఎవరైనా, ఏదైనా అడగవచ్చు. మాస్టారు మాత్రం వెనక బెంచీలో బేతాళుడి పక్కన ఇరుక్కుని కూర్చునేవారు. మన పార్వతీశానికి ఆ పేరు శాశ్వతమైన రోజు గుర్తుందా? ఓడ ప్రయాణం గురించి తడుముకోకుండా చెప్పుకుపోతున్నాడు. ఎవరో ఎడింబరో గురించి అడగగానే దాని గురించీ మొదలుపెట్టాడు. "ఆగు నాయనా, నువ్వింకా ఓడలోనే ఉన్నావు" అని వెనక నుంచి మాస్టారు.

ఆ పాత్ర మీద నా ప్రేమ అక్కడే మొదలైంది. మొక్కపాటి నరసింహశాస్త్రి నవల 'బారిస్టర్ పార్వతీశం'లో పార్వతీశం తన కథ తానే చెప్పుకుంటాడు. తనకు జరిగిన ప్రతి అవమానాన్నీ దాచకుండా, సాక్షి వాంగ్మూలంలాగా ఒకటొకటిగా మన ముందు పెడతాడు. మనం నవ్వుతున్నామని అతనికి తెలియదు, తెలిసినా ఆగడు. ఇల్లు వదిలి, భాష రాక, మర్యాదలు తెలియక, అయినా వెనక్కి తిరగని మనిషి. నవ్వు అయిపోయాక మిగిలేది అతని ధైర్యమే. మన పార్వతీశం కూడా నిజంగానే సముద్రాలు దాటాడు, అక్కడే స్థిరపడ్డాడు. అక్కడి మొదటి చలికాలంలో ఆ పుస్తకం తెప్పించుకుని మళ్ళీ చదివానని నాకు ఉత్తరం రాశాడు. ఒక పాత్ర ఎందుకు నచ్చుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం తెలియదు.

బుడుగును కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. రెండుజెళ్ళసీత కూడా ఓడిపోయింది. బుడుగు మాటలు వల్లించడం తేలిక, బుడుగు కొత్తగా ఒక మాట అనేలా చేయడం కష్టం. ముళ్ళపూడి వెంకటరమణ ఆ పిల్లవాడికి ఒక ప్రత్యేకమైన తర్కం ఇచ్చారు. పెద్దవాళ్ళు వాడికి అర్థంకాని మనుషులు కారు, పెంచడం తెలియక ఇబ్బంది పడుతున్న మనుషులు. ఆ జాలి తెలియకుండా ఎంత ముద్దుగా మాట్లాడినా అది బుడుగు కాదు. బాపు గీసిన బొమ్మలో చూడండి, ఆ నిలబడే తీరులోనే ఇంటి యజమాని కనిపిస్తాడు. తరువాత కాలేజీలో ఇ. ఎం. ఫార్‌స్టర్ 1927లో చేసిన విభజన చదివాను: కొన్ని పాత్రలు చదునుగా ఉంటాయి, కొన్ని గుండ్రంగా ఉండి మనల్ని ఆశ్చర్యపరుస్తాయి. ఆ లెక్కన బుడుగు చదును పాత్ర, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మారడు. అయినా ప్రతి పేజీలోనూ ఆశ్చర్యపరుస్తాడు. డికెన్స్ పాత్రల దగ్గర ఫార్‌స్టర్ కూడా ఇదే చిక్కులో పడి, చదునైనా వాటిలో జీవం ఉందని ఒప్పుకున్నాడు. మన తెలుగు తరగతిలో ఆ చిక్కు తొమ్మిదిలోనే వచ్చింది.

ఇక గిరీశం రోజు.

ముందు శుక్రవారం కన్యాశుల్కం చివరి అంకం చదవడం అయిపోయింది. సోమవారం విచారణ అన్నారు. గిరీశంగా ఎవరు కూర్చోవాలన్న దాని మీద ఓటింగు అక్కరలేకపోయింది, వెంకటేశం అప్పటికే కుర్చీలో ఉన్నాడు. (శిష్యుడి పేరు పెట్టుకున్నవాడు గురువు వేషం కట్టడం న్యాయమే.) సౌజన్యారావు పంతులుగా బేతాళుడు. నాటకంలో వేశ్య అయిన మధురవాణిగా ఎవరు అనగానే గది నిశ్శబ్దమైంది. అప్పుడు నేను లేచాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, ఎవరో అవసరమా అన్నారు. మాస్టారు వెనక బెంచీ నుంచి లేచి నిలబడి, "ఆ నాటకంలో అందరికంటే తెలివైన మనిషి లేచి నిలబడింది. నవ్వేవాళ్ళు ఆవిడతో ఒక ప్రశ్నకు ప్రశ్న ఆడి చూడండి" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు రెండో కుర్చీ వచ్చింది.

వెంకటేశం అద్భుతంగా చేశాడు. అడిగిన ప్రతిదానికీ ఇంకో సంగతి అందుకుని, అందులోంచి మరొకటి అల్లుకుంటూ పోయాడు. గిరీశం గుట్టు అదే. అతను అబద్ధం ఆడుతున్నాడని మనకు తెలుసు, అయినా తరువాతి అబద్ధం ఎలా ఉంటుందో వినాలనిపిస్తుంది. గురజాడ 1897 నాటి కూర్పును తిరగరాసి 1909లో నాటకాన్ని ఎంతో పెంచి అచ్చువేశారు. గిరీశాన్ని ఎక్కడా దుర్మార్గుడని ముద్ర వేయలేదు, తీర్పు మన చేతికి వదిలేశారు. మనం ఆ రోజంతా ఆ తీర్పు ఇవ్వలేక కిందామీదా పడ్డాం.

నా వంతు వచ్చింది. (మరిచిపోయినవాళ్ళకు: గిరీశం మాయమాటలు చెప్పి లేవదీసుకుపోయిన వితంతువు బుచ్చమ్మ.) రెండుజెళ్ళసీత లేచి, "మధురవాణీ, గిరీశం నిన్ను మోసం చేసినప్పుడు నువ్వు ఊరుకున్నావు. సౌజన్యారావు పంతులుగారి ఇంటికి మగవేషంలో వెళ్ళి మరీ అతని సంగతి ఎందుకు బయటపెట్టావు? కోపమా?" అని అడిగింది. నేను చాలాసేపు మాట్లాడలేదు. మాట అందించబోయిన వాళ్ళను మాస్టారు చేయెత్తి ఆపారు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నాకు పనికొస్తుంది, పిల్లలు ఆలోచిస్తున్నప్పుడు తొందరపెట్టకూడదని నేను నేర్చుకున్నది ఆ నిమిషంలోనే. చివరికి అన్నాను: "ఆయన నాతో అబద్ధాలాడినప్పుడు నవ్వుకున్నాను, నాకు జవాబు చెప్పడం తెలుసు కాబట్టి. బుచ్చమ్మకు తెలియదు."

గదిలో ఎవరూ కదల్లేదు. వెంకటేశం గిరీశంగానే తల దించుకున్నాడు. మాస్టారు నెమ్మదిగా ముందుకు వచ్చి, "ఇది పుస్తకంలో లేదు. కానీ ఆవిడే అంది" అన్నారు.

ఇన్నేళ్ళలో పాత్రల గురించి చాలా చదివాను, ఆ వాక్యం దాటిన మాట నాకు దొరకలేదు. నాకు నచ్చిన పాత్రలన్నీ ఆ పరీక్షకు నిలిచినవే. రచయిత రాసిన చోటు దాటి ఇంకో చోట నిలబెట్టినా తమ మాట తామే మాట్లాడగలవి. బేతాళుడినే తీసుకోండి (పాతవాణ్ణి, మనవాణ్ణి కాదు). సంస్కృతంలో బేతాళ కథలు పాతిక. అవి అయిపోయాక కూడా చందమామ పత్రిక ఏళ్ళ తరబడి ఆ శవాన్ని చెట్టు మీంచి దింపిస్తూనే వచ్చింది, కొత్త కథలు వందల కొద్దీ వచ్చాయి. ఒక్కదానిలోనూ విక్రమార్కుడు పరాయివాడిలా అనిపించడు. భుజాన శవం, చేతిలో కత్తి ఉన్న ఆ శంకర్ బొమ్మ చూస్తే చాలు, తెలిసిన జవాబును దాచుకోలేని మనిషి అని తెలిసిపోతుంది. మౌనం పాటిస్తే పని అవుతుంది, న్యాయం తెలిసి మౌనం పాటిస్తే తల పగులుతుంది. అంత గట్టి ఇరకాటం పెట్టాక పాత్ర ఎన్ని కథలైనా నడుస్తుంది.

టీవీలో దీనికి నాకు దొరికిన ఉదాహరణ అమృతం. 2001లో మొదలైనప్పుడు మనం ఎవరి దారిలో వాళ్ళం ఉన్నాం. ఆదివారం రాత్రి నేనున్న హాస్టలంతా ఒకే గదిలో చేరేది. అమృతరావుగా శివాజీరాజా వేశారు, తరువాత నరేశ్, ఆ తరువాత హర్షవర్ధన్. ముఖం మారినప్పుడల్లా కాసేపు కొత్తగా ఉండేది. అమృతం నోట ఆంజనేయులు పేరు వచ్చేసరికి పాత మనిషే కూర్చుని ఉండేవాడు. దానికి సగం కారణం ఆంజనేయులుగా చివరిదాకా ఉన్న గుండు హనుమంతరావు. ఒక పాత్ర నిలబడటానికి పక్కనున్న పాత్ర నమ్మకం కావాలి. షెర్లాక్ హోమ్స్ పక్కన వాట్సన్ చేసినదీ అదే. 1893లో కోనన్ డాయిల్ రైఖెన్‌బాక్ జలపాతం దగ్గర హోమ్స్‌ను చంపేశాడు, పాఠకులు ఊరుకోలేదు, 1903లో బతికించి తీసుకురావలసి వచ్చింది. కానీ మనం బెంగపడింది వాట్సన్ కళ్ళతో చూసిన హోమ్స్ కోసం. వాట్సన్ లేకుండా హోమ్స్ తన కథ తానే చెప్పుకున్నవి రెండున్నాయి, చదివి చూడండి. తెలివి అంతా అలాగే ఉంటుంది, ఆశ్చర్యం ఉండదు.

నేనిప్పుడు చేసే పని మీలో కొందరికి తెలుసు. పిల్లల కార్టూన్ ధారావాహికలకు తెలుగు మాటలు రాస్తాను. తెర మీద పెదవులు కలిసిన చోట నా మాటలో ప, బ, మ వంటి అక్షరం పడాలి, నోరు తెరుచుకున్న చోట దీర్ఘం ఉండాలి. ఓష్ఠ్యాలు ఏవో మాస్టారు అద్దం తెచ్చి చూపించారు, ఆ పాఠం నాకు అన్నం పెడుతోంది. పెదవులు కుదరడం సగం పనే. ఆ చిన్న కుందేలో, మొండి రోబోటో ఈ మాట నిజంగా అంటుందా అన్నది మిగతా సగం. స్టూడియోలో నా బల్ల పక్కన ఖాళీ కుర్చీ ఒకటి ఉంటుంది. కొత్తగా చేరిన రచయితలను అందులో కూర్చోబెట్టి, కాగితం మూయించి, పాత్రను ప్రశ్నలడుగుతాను. మొదట బిడియపడతారు, తరువాత వాళ్ళే కుర్చీ కోసం పోటీపడతారు. నా పేరు చివర్లో చిన్న అక్షరాల్లో వేగంగా వెళ్ళిపోతుంది. రైల్లో ఎదుటి సీటు పిల్లలిద్దరు ఆడుకుంటూ నేను రాసిన మాట అన్నారు. దాని తరువాత నేను రాయని మాట ఒకటి కలిపారు, అదీ ఆ పాత్ర అనే మాటే. మాస్టారూ, ఆ రోజు మీరు పక్కన ఉండవలసింది.

సమావేశానికి ఆయన వస్తున్నారని రెండుజెళ్ళసీత చెప్పింది. కమిటీ వారికి నా విన్నపం ఒక్కటే. ప్రసంగాలు తగ్గించండి, వేదిక మీద ఒక కుర్చీ వేయండి. గిరీశం విచారణ గంట కొట్టడంతో ఆగిపోయింది, ముగియలేదు. బుచ్చమ్మ దక్కి ఉంటే అతను మారేవాడని బేతాళుడు ఇప్పటికీ వాదిస్తున్నాడు. వకీలయ్యాక ఆ వాదన ఇంకా గట్టిపడింది. మారడని నేను అంటున్నాను. బుచ్చమ్మను పూనా పంపించారు కదా, అక్కడి నుంచి నా ప్రశ్న మొదలవుతుంది. వెంకటేశం, సిద్ధంగా రా. పుస్తకం మూసి చెప్పాలి: ఆవిడకు ఎన్ని ఉత్తరాలు రాశావు?