మా అకార్డియన్ గాంధారం పోయి మళ్ళీ వచ్చింది (నా అనుభవం)

రెండు నెలల తర్వాత నిన్న సాయంత్రం పెట్టె ఇంటికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, చల్లారితే నా తప్పు నేనే కొంచెం తగ్గించి రాసుకుంటానని భయం.

మేం ఉండేది లూసియానాలో లాఫయెట్. ఎమ్మెస్ కోసం వచ్చి ఇక్కడే ఉద్యోగంలో పడిపోయా. ఇక్కడ కేజన్ (ఈ ప్రాంతపు ఫ్రెంచి మూలాలవాళ్ళ) అకార్డియన్ అంటే ఊరంతటికీ ప్రాణం. చిన్న చెక్క పెట్టె, పది బటన్లు, పైన నాలుగు స్టాపుల గుబ్బలు (స్వరాల వరసల్ని తెరిచి మూసేవి), తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం. పదిరెళ్ళు ఇరవై, అవి నాలుగు వరసలు, అంటే కుడిచేతి వైపే 80 స్టీలు రీడ్లు (గాలికి కదిలి పలికే సన్నటి రేకులు). ఒకప్పుడు జర్మనీ నుంచి మోనార్క్, స్టెర్లింగ్ అనే నల్ల పెట్టెలు వచ్చేవట, రెండో ప్రపంచ యుద్ధంతో అవి ఆగిపోయాయి, అప్పుడు లేక్ చార్ల్స్‌లో సిడ్నీ బ్రౌన్ అనే ఆయన చేత్తో చేయడం మొదలెట్టాడు, ఆ తర్వాత యూనిస్‌లో మార్క్ సవోయ్. ఇప్పుడు ఇంటి వెనక షెడ్‌లో కూర్చుని చేసేవాళ్ళు కూడా ఉన్నారు. నాది అలాంటి ఒక పెద్దాయన చేసిన సీ శ్రుతి పెట్టె. ఆయన పేరు రాయను, రాస్తే పోయేది నా పరువే.

కొనడం గురించి చెప్పేదేం లేదు, అడ్వాన్స్ ఇచ్చా, ఎనిమిది నెలలు ఆగా, తెచ్చుకున్నా.

ఇంట్లో పెట్టుకోవడం కూడా పెద్ద విద్యేం కాదు, కాకపోతే ఇంట్లో అందరికీ చెప్పాలి. నేను చెప్పలేదు. గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చినప్పుడు పాపం మంచి మనసుతోనే దాన్ని తడిగుడ్డతో తుడిచి, పక్కకి పడుకోబెట్టి, పైన రెండు దుప్పట్లు పేర్చి, నాఫ్తలీన్ ఉండలు కూడా వేశారు. నాలుగు రోజులు వాసన పోలేదు. పడుకోబెట్టకూడదు అండి, వాయించేటప్పుడు ఒళ్ళో ఎలా ఉంటుందో అలాగే కూర్చోబెట్టాలి, ఎందుకంటే రీడ్ల మీద సన్నటి తోలు ముక్కలు ఉంటాయి, పడుకోబెడితే అవి వేలాడి వంకర తిరుగుతాయి, అప్పుడు స్వరం గుసగుసగా వస్తుంది. తిత్తి మూసేటప్పుడు గాలి బటన్ నొక్కి మూయాలి, ఊరికే బలంగా నొక్కేస్తే తోలు మూలలు చిరుగుతాయి. మూశాక పట్టీ పెట్టాలి.

కారులో వదలొద్దు. రీడ్లని చెక్కకి అతికించేది తేనెమైనంతో, అది 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది, ఆగస్టులో ఇక్కడ మూసిన కారు ఎలా ఉంటుందో మన విజయవాడ ఎండ తిన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంకోటి, ఏసీ రూమ్‌లోంచి తీసి నేరుగా బయట వరండాలో వాయించడం మొదలెట్టకండి. ఏసీలోంచి బయటికి రాగానే కళ్ళజోడు మీద ఆవిరి పడుతుంది చూడండి, అదే లోపల రీడ్ల మీద పడుతుంది. మా నాన్న హార్మోణీలో ఇత్తడి రీడ్లు కాబట్టి తుప్పు అనే మాటే లేదు, ఇవి స్టీలు. పెట్టెని దాని కేసులోనే అరగంట బయట ఉంచి తర్వాత తెరుస్తున్నా. తేమ మీటర్ ఒకటి కొని పక్కన పెట్టా, 45 నుంచి 55 శాతం మధ్యలో ఉంటే ఊరుకుంటా.

ఇదంతా బాగానే చేశా. బుద్ధి గడ్డి తిన్నది ఇక్కడ కాదు.

అత్తగారి దుప్పట్ల తర్వాత నాకు అనుమానం పట్టుకుంది, శ్రుతి పోయిందేమో అని. ఫోన్‌లో ట్యూనర్ యాప్ వేసి ఒక్కో బటన్ నొక్కి చూశా. సీ (C, మన షడ్జం) బాగుంది, జీ (G, పంచమం) బాగుంది, ఈ (E, గాంధారం) నొక్కితే ముల్లు ఎడమకి పోయింది, 14 సెంట్లు తక్కువ (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు). ఇంకో ఈ, అదీ అంతే. బీ (B, నిషాదం) కూడా తక్కువే. ఇన్ని డాలర్లు పోసి కొన్న పెట్టెలో గాంధారం తప్పిందా అని నాకు నిద్ర పట్టలేదు. అన్ని ఈలూ సరిగ్గా ఒకేలా తక్కువ ఎందుకున్నాయి, దుప్పటి వల్ల పాడైతే ఒక్కోటి ఒక్కోలా ఉండాలి కదా అని ఆలోచించే తెలివి ఆ రాత్రి నాకు లేదు. రోజూ డేటా చూసి బతికేవాడిని, సిగ్గుచేటు.

పెద్దాయన్ని అడగొచ్చు. అడగలేదు. ఆయన మొహం మీద నీ పెట్టె తప్పు అని ఎలా అంటాం అని మొహమాటం. ఇంకో ఊళ్ళో పెద్ద మ్యూజిక్ షాపుకి తీసుకెళ్ళా. కౌంటర్‌లో కుర్రాడు గోడ మీద సర్టిఫికెట్లు చూపించి, మెషీన్ పెట్టి, నా యాప్ చెప్పిందే చెప్పి, మొత్తం శ్రుతి చేయాలి అన్నాడు. అసలు ఇది ఏ రకం అకార్డియన్, ఏ పాటలు వాయిస్తావు అని ఒక్క ముక్క అడగలేదు. మూడు వారాలు, 400 డాలర్లు. తెచ్చుకున్నాక యాప్‌లో అన్ని ముళ్ళూ నడిమధ్యలో. నేను పొంగిపోయి స్క్రీన్‌షాట్లు కూడా తీసుకున్నా.

కానీ వాయిస్తే ఏదో పుల్లగా ఉంది. సీ, ఈ కలిపి పట్టుకుంటే లోపల కందిరీగ ఉన్నట్టు వణుకు. నా వేళ్ళదే లోపం అనుకుని నెల రోజులు గట్టిగా సాధన చేశా.

ఆ తర్వాత ఒక శనివారం పెద్దాయన షెడ్‌కి వెళ్ళా, అక్కడ నలుగురైదుగురు కూర్చుని వాయించుకుంటూ ఉంటారు. నేనూ మొదలెట్టా. ఫిడేలు ఆయన రెండు వరసలకే విల్లు దించేశాడు. పెద్దాయన లేచొచ్చి పెట్టె నా ఒళ్ళోంచి తీసుకున్నాడు, ఒక్కసారి సీ, ఈ కలిపి పట్టాడు, నా వైపు చూశాడు. "దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు. నేను స్క్రీన్‌షాట్లు చూపించా. అవును, చూపించా. ఆ షెడ్‌లో వచ్చిన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆయన అందరి ముందే చెప్పాడు, ఇక్కడి పెట్టెల్లో ఈ (E) అనే స్వరాన్ని కావాలనే దించి పెడతారు, సీతో కలిపి పట్టినప్పుడు వణుకు లేకుండా ఒకే గొంతులా పలకాలని. యాప్ కొలిచేది పియానో లెక్క, అందులో సీ నుంచి ఈ (E) దాకా 400 సెంట్లు. అసలైన స్వచ్ఛమైన స్వరం 386. తేడా ఎంత? ఆ 14. నేను తప్పు అనుకుని డబ్బిచ్చి పాడుచేయించింది ఆయన చెవి.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పా. నాన్న తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి నలభై ఏళ్ళు హార్మోణీ వాయించిన మనిషి, ఈలపాట రఘురామయ్య పద్యాలు వింటూ పెరిగిన చెవి అది. అంతా విని, "ఒరేయ్, అది అంతర గాంధారం రా, తంబురా మీటితే దానంతట అదే పలుకుతుంది, నీకు చిన్నప్పుడు వినిపించలా?" అన్నాడు. వినిపించాడు. నేనే వినలేదు. ఆలిండియా రేడియో 1940లో హార్మోణీని బయట పెట్టిందీ ఇలాంటి గొడవతోనే, గమకం పలకదు, స్వరస్థానాలు కుదరవు అని, 1971 దాకా రానివ్వలేదు. మా ఊళ్ళో శ్రుతి చేసేవాళ్ళకి మెషీన్ లేదు, సర్టిఫికెట్ లేదు, పాడేవాడిని పక్కన కూర్చోబెట్టుకుని చెవితో చేసేవాళ్ళు. ఆ షాపు కుర్రాడిని అక్కడ ఒక వారం కూర్చోబెట్టాలి.

బాగు చేయించడం కూడా అంత తేలిక కాలేదు. స్వరం పెంచాలంటే రీడ్ కొస దగ్గర గీకుతారు, దించాలంటే మొదట్లో రివెట్ దగ్గర గీకుతారు, ఎటు చేసినా పోయేది స్టీలే. షాపువాడు కొసలు గీకేశాడు, పెద్దాయన మొదళ్ళు గీకాల్సి వచ్చింది. రెండు రీడ్లు మరీ పల్చబడిపోయాయని కొత్తవి వేశాడు, ఇటలీవి. రెండు నెలలు పట్టింది. డబ్బు అడిగితే రీడ్ల ఖరీదు మాత్రం తీసుకున్నాడు, అదే ఇంకా గుచ్చుకుంది.

మీ దగ్గర ఇలాంటి చేత్తో చేసిన పెట్టె ఉంటే, చేసినాయన బతికున్నంతకాలం ఇంకెవడి చేతికీ ఇవ్వకండి. నిన్న ఇంటికి తేగానే నాన్నకి వీడియో కాల్‌లో సీ, ఈ కలిపి పట్టి వినిపించా. ఆయన కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇంకోసారి పట్టు" అన్నాడు. యాప్ తీసేశా. అత్తగారు వచ్చే నెల మళ్ళీ వస్తున్నారు, ఈసారి కేసు మీద తెలుగులో చీటీ అంటించా: తుడవొద్దు, పడుకోబెట్టొద్దు.