పాలసొరా, అమ్మలూ?

నేను విశాఖలో పుట్టి పెరిగాను. అయినా సముద్రంలో మోకాళ్లు దాటి ఎప్పుడూ దిగలేదు. "లాగేస్తుంది, వెనక్కి రా" అని అమ్మ ఒడ్డునుంచి కేకలేసేది. ఆమె భయం ఉత్తది కాదు. ఆర్కే బీచ్‌లో కొట్టుకుపోయినవాళ్ల కబుర్లు వింటూనే పెరిగాం.

సిడ్నీలో పుట్టిన మా పాపకు నీళ్లంటే భయం లేదు. పదేళ్లు నిండగానే స్నార్కెలింగ్‌కి (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి లోపల చూసే ఈతకి) షెల్లీ బీచ్ వెళ్దామని పట్టుబట్టింది. టెన్షన్‌తో రాత్రి నాకు నిద్ర లేదు.

సిడ్నీలోని మ్యాన్లీ అనే పేట నుంచి సముద్రం పక్కనే పావుగంట నడక. షెల్లీ బీచ్ తూర్పు తీరంలోనే ఉన్నా పడమటి ముఖంగా ఉంటుంది. వెనక కొండ అడ్డు కాబట్టి దక్షిణపు అలలు అంతగా తగలవు. కొత్తవాళ్లను అందుకే ఇక్కడికి తీసుకొస్తారు. రాళ్ల అంచు వెంబడి రెండు మూడు మీటర్ల లోతు, ఇంకా లోపలికి పోతే పది. వేసవిలో మధ్యాహ్నం ఈశాన్య గాలి లేస్తుంది కనుక పొద్దున్నే వెళ్లాం. నేను లైఫ్ జాకెట్ వేసుకుని పాప చెయ్యి పట్టుకున్నాను.

తల ముంచగానే నీలం గ్రోపర్! మీటరు పొడవుంటుంది. ఈ చేపలన్నీ మొదట గోధుమ రంగు ఆడవే; పెద్దయ్యాక కొన్ని మగవిగా మారి నీలం తిరుగుతాయి. మా దగ్గరకొచ్చి కళ్లు తిప్పి చూసింది. నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను.

తర్వాత పాప రాతి కింద ఇసుకలోకి వేలు చూపింది. తివాచీ పరిచినట్టు ఒక వాబెగాంగ్ పడుకుని ఉంది. పైకి తేలాక "అది సొరచేప" అన్నాను.

"అమ్మమ్మ పుట్టు కూర చేసే సొరా?" పాప మొహం వాడిపోయింది.

షెల్లీ బీచ్ ఉన్న ఈ కేబేజ్ ట్రీ బే 2002 నుంచి రక్షిత ప్రాంతం. చేపలు పట్టకూడదు, ఖాళీ గవ్వ కూడా ఏరకూడదు. అది నాకూ నచ్చింది. కానీ మా అమ్మ వంట తప్పని పాప అనుకోవడం నాకు ఇష్టం లేదు. గంపలో చేపలు తెచ్చే అవ్వ దగ్గర బేరమాడుతూ, మొప్పలెత్తి చూసి, ఏ చేప ఏ నెలలో వస్తుందో అమ్మ నేర్చుకుంది. నీళ్లలోకి దిగకుండానే ఆమెకు సముద్రం తెలుసు. ఒడ్డున కూర్చుని పాపకు అదే చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు.

రాత్రి వీడియో కాల్‌లో తనే మొదలుపెట్టింది: "అమ్మమ్మా, సొరని చూశా!"

"పాలసొరా, అమ్మలూ? ఒంటిమీద చారలున్నాయా, చుక్కలున్నాయా?"

పాప గీసిన బొమ్మను కెమెరా ముందు పెట్టింది. అమ్మ కళ్లద్దాల కోసం లేచింది.