చీరాల పిల్లలతో సైలస్ మార్నర్

సీబీఎస్‌ఈ ప్లస్ టూ ఇంగ్లిష్ సిలబస్‌లో కొన్నేళ్లపాటు ఒక పూర్తి నవల ఉండేది. హెచ్.జి. వెల్స్ 'ది ఇన్విజిబుల్ మ్యాన్', జార్జ్ ఇలియట్ 'సైలస్ మార్నర్'... ఈ రెండింట్లో ఒకటి చదివితే చాలు. బోర్డు పరీక్షలో నవల మీద ఆరేసి మార్కులకు రెండు పెద్ద ప్రశ్నలు వచ్చేవి. నాకు తెలిసిన టీచర్లందరూ వెల్స్ వైపే మొగ్గారు. కథ పరుగు పెడుతుంది, వాక్యాలు చిన్నవి, పిల్లలకు టెన్షన్ ఉండదు. నేను పనిచేసేది చీరాల దగ్గర. క్లాసులో ఇంటి దగ్గర మగ్గం ఉన్న పిల్లలు ఉన్నారు. సైలస్ మార్నర్ నేత పని చేసే మనిషి. అందుకే నేను రెండోదే తీసుకున్నాను.

'సైలస్ మార్నర్' 1861లో వచ్చింది. కథ అంతకు కొన్ని దశాబ్దాల ముందు, ఇంగ్లండ్‌లో రావెలో అనే పల్లెలో నడుస్తుంది. మొదటి పేజీలోనే ఒక్కో వాక్యం అరపేజీ సాగుతుంది. పుస్తకాలు చేతికొచ్చిన వారానికే సగం మంది గైడ్లు కొనేశారు. వాళ్లను నేను తప్పుపట్టలేదు. గైడు తెరవొద్దని చెప్పినంత మాత్రాన ఎవరూ నవల చదవరు, నవలలో వాళ్లకు పని దొరికితేనే చదువుతారు.

అందుకే మొదటి అధ్యాయం పక్కనపెట్టి రెండో అధ్యాయంలో ఒక్క పేరాతో మొదలుపెట్టాను. సైలస్ అంతకుముందు ఉన్న పట్నంలో ఒక హోల్‌సేల్ వ్యాపారికి నేసేవాడు. కూలీ వారానికోసారి వచ్చేది, రేటు తక్కువ, అందులోనూ చాలా భాగం చర్చికే పోయేది. రావెలో వచ్చాక ఆస్‌గుడ్ అనే ఇంటావిడ టేబుల్ మీద పరిచే నార బట్టలు నేయించుకుని, నేరుగా అతని చేతిలో అయిదు బంగారు గినీలు పెట్టింది. జీవితంలో మొదటిసారి డబ్బు మొత్తం అతనిదే.

ఆ పేరా చదివి ఊరుకున్నాను. వెనక బెంచీలో ఒకబ్బాయి, మామూలుగా ఇంగ్లిష్ క్లాసులో నోరు మెదపనివాడు, లేచి అడిగాడు. "అంటే మేడమ్, మాస్టర్ వీవర్ లేకుండా నేరుగా అమ్ముకున్నాడా?" వాళ్ల నాన్న మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని, చీరలు నేసి ఆయనకే ఇచ్చి కూలీ తీసుకుంటాడు. ఆ కూలీకీ, బజార్లో చీర ధరకూ ఉన్న తేడా ఆ అబ్బాయికి ఎవరూ చెప్పనక్కర్లేదు. క్లాసుకు తెలుగులోనే వివరించాడు, నేను ఆపలేదు. సైలస్ గినీలను ఎందుకంత ప్రేమగా చూసుకున్నాడో ఆ పూట అందరికీ అర్థమైంది. గైడులో ఒక్క మాటతో 'పిసినారి' అని తేల్చేశారు. ఇలియట్ అంత తేలిగ్గా తేల్చలేదు. నమ్మిన స్నేహితుడు మోసం చేసి, నమ్మిన చర్చి దొంగ అని ముద్ర వేసి వెళ్లగొట్టాక, ఆ మనిషికి మిగిలినవి మగ్గం, దాని కింద ఇటుకలు తీసి దాచుకున్న నాణేలు.

చర్చిలో దొంగను తేల్చిన పద్ధతి కూడా పిల్లలకు కొత్తగా అనిపించలేదు. ఆ చర్చి ఉన్న లాంటర్న్ యార్డ్‌లో ప్రార్థన చేసి చీట్లు తీశారు, చీటీ సైలస్ దొంగ అంది. దేవుడి ముందు చీట్లు వేసి నిర్ణయం తీసుకోవడం మన ఇళ్లలోనూ ఉన్నదే. "చీటీ తప్పు చెప్తే దేవుణ్ని ఏమనుకోవాలి?" అని ఒకమ్మాయి అడిగింది. సైలస్‌కు వచ్చిన ప్రశ్న సరిగ్గా అదే. నేను జవాబు చెప్పకుండా, పదహారో అధ్యాయంలో, రావెలోలో సైలస్‌కు సాయపడే డాలీ విన్‌త్రాప్ ఇదే విషయం మీద ఏమంటుందో చూద్దాం, అప్పటిదాకా గుర్తుపెట్టుకో అన్నాను. అక్కడికి రాగానే తనే గుర్తుచేసింది.

ఊరి జమీందారు కాస్ కుటుంబం అధ్యాయాలు మాత్రం గబగబా దాటించాను. పెద్దకొడుకు గాడ్‌ఫ్రీ రహస్య పెళ్లి, తమ్ముడు డన్‌స్టన్ బెదిరింపులు, గుర్రం అమ్మకం... బోర్డు మీద వంశవృక్షం గీసి, ఎవరి గుట్టు ఎవరికి తెలుసో బాణాలతో చూపించాను. సరిపోయింది.

రెయిన్‌బో అనే సారాయి కొట్టు అధ్యాయాలు మాత్రం అక్షరం వదలకుండా చదివించాను. ఆవు గురించి కసాయివాడికీ, పశువుల వైద్యం చేసే లాడాల పనివాడికీ వాదన, మధ్యలో చర్చి గుమాస్తా ముసలాయన మేసీ పాత కథలు. పాత్రలు పంచి గట్టిగా చదవమన్నాను. ఒక్కడే కూర్చుని చదివితే విసుగొచ్చే పేజీలు, అయిదారుగురు పోట్లాడుకుంటూ చదివితే మన రచ్చబండ కబుర్లే. దయ్యాలు ఉన్నాయా లేవా అని వాళ్లు కొట్టుకుంటుండగా పాలిపోయిన ముఖంతో సైలస్ వాళ్ల మధ్య ప్రత్యక్షమవుతాడు, డబ్బు పోయిందని చెప్తాడు. 272 పౌండ్ల 12 షిల్లింగుల 6 పెన్నీలు. పదిహేనేళ్ల కష్టం. ఒకబ్బాయి వెంటనే భాగించి, ఏడాదికి సుమారు 18 పౌండ్లు మిగిల్చాడన్నమాట అన్నాడు. ఆ లెక్క తర్వాత ఆ దొంగతనం వాళ్లకు కథలో మలుపులా కాకుండా నష్టంలా కనిపించింది.

నేను ఎక్కువసేపు ఆగింది పద్నాలుగో అధ్యాయం దగ్గర. మంచులో తల్లి చనిపోయిన పాప తప్పటడుగులు వేస్తూ సైలస్ ఇంట్లోకి వస్తుంది, అతను ఎప్పీ అని పేరు పెట్టి పెంచుతాడు. నేసేటప్పుడు పాప బయటికి పోకుండా నడుముకు వెడల్పాటి నార పట్టీ కట్టి మగ్గానికి ముడేస్తాడు. ఒకరోజు కొత్త బట్ట మగ్గానికి ఎక్కించే పనిలో ఉండి, కత్తెర పాపకు అందేచోట పెట్టేస్తాడు. ఎప్పీ పట్టీ కత్తిరించుకుని పారిపోతుంది. వెతికి వెతికి చూస్తే ఒక మడుగు దగ్గర, తన బుల్లి బూటును బకెట్ చేసుకుని నీళ్లు ముంచి, గిట్ట దిగిన గుంటలో పోసుకుంటూ ఉంటుంది.

కొత్త పడుగు ఎక్కించే రోజు ఇంట్లో ఎంత హడావిడో, పోగు పోగూ అతికేటప్పుడు తల ఎత్తడానికి ఎందుకు వీలుండదో మగ్గం ఇళ్ల పిల్లలు మిగతావాళ్లకు చెప్పారు. కత్తెర బయటికి ఎందుకొచ్చిందో, సైలస్ ఎందుకు చూసుకోలేదో నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. చిన్నప్పుడు తన తమ్ముడు గుంత మగ్గం గుంతలో పడకుండా నాయనమ్మ చీర ముక్కతో గుంజకు కట్టేసేదని ఒకమ్మాయి చెప్పింది. తర్వాత వాక్యం వాక్యంగా చూశాం. ఇలియట్ ముందు సైలస్‌ను పనిలో ముంచి, తర్వాత కత్తెరను చూపించి, ఆ తర్వాత పాప పారిపోయిందని చెప్తుంది. అంత పొడవు వాక్యాలు ఎందుకు రాసిందని మొదట్లో విసుక్కున్నవాళ్లే, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో వేలు పెట్టి చూపించారు.

పరీక్షకు వచ్చేసరికి ఒక్కటే షరతు పెట్టాను. ప్రతి జవాబులోనూ నవలలోని వస్తువు ఒక్కటైనా ఉండాలి. 'ప్రేమ సైలస్‌ను మార్చింది' అని రాస్తే సున్నా. పట్టీ, కత్తెర, బొగ్గుల గూడు, విరిగిన మట్టి కుండ, ఏదో ఒకటి పేర్కొని, దాన్నిబట్టి రాయాలి. గైడు జవాబులు ఈ షరతు దగ్గరే ఆగిపోయాయి.

ఎక్కువ గొడవ జరిగింది పంతొమ్మిదో అధ్యాయం మీద. పదహారేళ్ల తర్వాత గాడ్‌ఫ్రీ, భార్య నాన్సీతో వచ్చి, ఎప్పీ తన కన్నకూతురు, ఇంటికి తీసుకెళ్తానంటాడు. ఎప్పీ వెళ్లనంటుంది. క్లాసు రెండుగా చీలింది. కన్న తండ్రికి హక్కుంటుందని కొందరు, పదహారేళ్లు నోరు మూసుకున్నవాడికి హక్కేంటని కొందరు. నాన్సీ మీద అందరికీ కోపమే. నేను నాన్సీ పక్షాన నిలబడ్డాను. నిజం ఆమెకు చివరిదాకా తెలియదు, ముందే చెప్పి ఉంటే పాపను కాదనేదాన్ని అనుకున్నావా అని భర్తను అడుగుతుంది. "అడిగితే సరిపోతుందా మేడమ్? సైలస్ ఇంటికొచ్చి, కన్నతండ్రి దగ్గరికి వెళ్లడం నీ బాధ్యత అని ఎప్పీకి చెప్పింది కూడా ఆవిడే కదా" అని ఒకమ్మాయి పేజీ తెరిచి చూపించింది.

నవల సిలబస్‌లోంచి తీసేశాక కూడా స్కూల్ లైబ్రరీలో ఆ కాపీలు ఉంచమని అడిగాను, ఉంచారు. ఇప్పుడు తొమ్మిదో తరగతికి లైబ్రరీ పీరియడ్‌లో పద్నాలుగో అధ్యాయం ఒక్కటే చదువుతున్నాను. వచ్చే వారం రెయిన్‌బో మొదలుపెట్టాలి. మేసీ పాత్ర కోసం ఇప్పటికే ముగ్గురు పేర్లిచ్చారు.